ఒడ్డు మీంచి గాలానికి ఏ రీలు కొనాలి? షాపువాడు ఒకటంటాడు, మావయ్య ఇంకొకటంటాడు

మధురవాడ_కొత్తగాలం
రెండు నెలలుగా ఆదివారం పొద్దున్నే మా విశాఖలో జోడుగుళ్ళపాలెం ఒడ్డుకెళ్ళి పక్కవాళ్ళ గాలాలు చూస్తూ నిలబడుతున్నాను. ఇక నాది నేను కొనుక్కుందామని బయల్దేరాను. రాడ్డు, రీలు (లైను చుట్టుకునే చక్రం), లైను అన్నీ కలిపి బడ్జెట్ ఎనిమిది వేలు. అంతకు మించితే ఇంట్లో నన్నే ఎరగా గుచ్చుతారు.

రాడ్డు దాకా బాగానే నడిచింది, రీలు దగ్గర ఆగిపోయాను. షాపులో కుర్రాడు బైట్‌కాస్టర్ అని, రాడ్డు పైన కూర్చునే రకం రీలు చేతిలో పెట్టి "ప్రొఫెషనల్స్ వాడేది ఇదే సార్, రాడ్డు కింద వేలాడే స్పిన్నింగ్ రీలు చిన్నపిల్లల ఆట" అన్నాడు. షిప్పుల్లో పనిచేసి రిటైరైన మా మావయ్యేమో అటక మీంచి గుండ్రటి పాత రీలు ఒకటి దించి "అంబాసిడర్ ఇంట్లో ఉండగా కొత్తది ఎందుకురా" అంటున్నారు. అంబాసిడర్ అంటే కారనుకున్నా నేను. వీడియోలు చూద్దామంటే 2500, 4000, 6000, 5.2:1, 7.1:1, 13+1 అని అంకెలే అంకెలు. ఎంసెట్ రాసినప్పుడు కూడా ఇంత టెన్షన్ పడలేదు.

నేను వేసేది ఎక్కువగా జోడుగుళ్ళపాలెం, సాగర్‌నగర్ ఇసుకలో. అప్పుడప్పుడు భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే చోట. చోడవరం దగ్గర మా ఊరెళితే చెరువులో కొరమీనుకి. మూడింటికీ పనికొచ్చేది ఒక్కటే చెప్పండి.

భీమిలి_బుల్లోడు
4000 సైజు స్పిన్నింగ్. అయిపోయింది. తర్వాతి ప్రశ్న.

చేపలపులుసు
తర్వాతి ప్రశ్న: దొరికిన చేప ఎవరింటికి తేవాలి?

కొరమీను_కింగ్
బుల్లోడు గారూ, అంత తేలిగ్గా తేల్చేస్తే ఎలా? చోడవరం చెరువు అని కూడా రాశాడు కదా. తామరాకుల మధ్య కప్ప లూర్ (కప్పలాంటి బొమ్మ ఎర) వేసి కొరమీను పట్టాలంటే బైట్‌కాస్టర్‌కి సాటి లేదు. కొరమీను నోట కరుచుకోగానే ఆకుల కిందికి దూరుతుంది, రెండు సెకన్లు ఆలస్యమైతే నాచులో చుట్టుకుంటుంది. బైట్‌కాస్టర్‌లో స్పూలు (లైను చుట్టి ఉండే కండె) నేరుగా తిరుగుతుంది కాబట్టి లైను మలుపు తిరగకుండా చక్కగా లోపలికి వస్తుంది. బలంగా లాగేయొచ్చు. స్పిన్నింగ్‌లో లైను రోలర్ (లైను మలుపు తిరిగే చిన్న చక్రం) దగ్గర తొంభై డిగ్రీలు వంగి స్పూలు మీదికి చేరాలి, ఆ లాగుడులో బలం కొంత అక్కడే పోతుంది. పైగా బొటనవేలు స్పూలు మీద ఉంటే కప్పని తామరాకు పక్కన జానెడు ఖాళీలో దించగలం. షాపు కుర్రాడు చెప్పిన దాంట్లో సగం నిజమే.

సునీత_సీతమ్మధార
మిగతా సగం నేను చెప్తా. నేను మొదలుపెట్టిందే బైట్‌కాస్టర్‌తో. అప్పుడూ ఇదే మాట, "ప్రొఫెషనల్" అని. సాయంత్రం నాలుగింటికి లాసన్స్ బే ఒడ్డున మొదటిసారి విసిరాను. లూర్ పది మీటర్లు కూడా పోలేదు. రీలులో లైను మాత్రం మా అమ్మమ్మ సవరంలా తయారైంది. అక్కడే కూర్చుని గంటన్నర చిక్కు తీశాను. పక్కన ముంతమసాలా బండి అతను జాలిపడి ఉల్లిపాయలు ఎక్కువ వేశాడు.

ఎందుకలా అయిందో తర్వాత తెలిసింది. మన ఒడ్డున పొద్దెక్కాక గాలి సముద్రం మీంచి మొహానికి కొడుతుంది. విసిరిన లూర్ ఆ గాలికి గాల్లోనే వేగం తగ్గిపోతుంది. స్పూలుకి ఆ సంగతి తెలీదు, అది మొదట అందుకున్న వేగంతోనే తిరుగుతూ లైను వదులుతుంది. బయటికి పోయే లైను తక్కువ, స్పూలు వదిలేది ఎక్కువ. మిగిలిందంతా లోపలే ఉబ్బి జడ కడుతుంది. స్పిన్నింగ్ రీలులో విసిరేటప్పుడు స్పూలు తిరగనే తిరగదు, లైను అంచు మీంచి చుట్టలు చుట్టలుగా జారిపోతుంది. లూర్ ఆగితే లైను కూడా ఆగిపోతుంది. కొత్తవాళ్ళకి ఎదురుగాలిలో ఈ ఒక్క తేడా చాలు.

కొరమీను_కింగ్
సునీత గారూ, బ్రేకులు సెట్ చేసుకోకుండా విసిరి రీలుని తిడితే ఎలా? లూర్ కట్టి, క్లచ్ (స్పూలుని వదిలే మీట) నొక్కి వదిలితే అది మెల్లగా కిందికి దిగాలి, నేలని తాకగానే స్పూలు ఆగాలి. ముందు పక్కనున్న టెన్షన్ నాబ్ అలా బిగించుకోవాలి. మాగ్నెట్ బ్రేకు మొదటి వారమంతా పూర్తిగా పెట్టి, రోజుకి ఒక్కో అంకె తగ్గించుకుంటూ రావాలి. ఇవి చేస్తే చిక్కు పడదు.

సునీత_సీతమ్మధార
మొదటి వారం చేపలు పట్టాలండి, నాబులు తిప్పుతూ కూర్చోవడం కాదు.

(ఇప్పుడు నా దగ్గర బైట్‌కాస్టర్ కూడా ఉంది, చెరువుకి అదే తీసుకెళతా. మొదటి రీలు అది కాకూడదనే నా గొడవ.)

జాలారిపేట_కుర్రోడు
ఏటండి మీ గోల. మా తాత జీవితంలో రీలు అన్నది ముట్టలేదు. నైలాన్ తాడు, కొనకి సీసం, రెండు గాలాలు, చుట్టుకోడానికి ఖాళీ డబ్బా. అంతే. చేప ముట్టిందంటే చూపుడు వేలికే తెలుస్తాది. జెల్ల ముట్టితే ఒకలాగ, పార ముట్టితే ఇంకోలాగ. మీ ఎనిమిది వేల రాడ్డుకి అంత తెలివి ఉండదు.

చేపలపులుసు
కుర్రోడు గారూ, మీ ఇంట్లో పులుసు ఎవరు పెడతారు? అడ్రస్ అక్కర్లేదు, వీధి చెప్తే వాసన పట్టుకుని వచ్చేస్తా.

మధురవాడ_కొత్తగాలం
చేతితాడు కూడా నేర్చుకోవాలనే ఉంది. కానీ ఇసుకలో నిలబడి కెరటాలు విరిగే చోటు దాటించి విసరాలంటే చేత్తో అంత దూరం పోతుందా?

జాలారిపేట_కుర్రోడు
మీ చేత్తో పోదు. మా తాత తల మీద నాలుగు చుట్లు తిప్పి వదిలితే పోయేది. పక్కన నిలబడకూడదు గానీ. ఒక్కటి గుర్తెట్టుకోండి, తాడు ఎప్పుడూ వేలికి చుట్టుకోవద్దు. పెద్ద పార లాగితే వేలు తెగిపోద్ది. మా పేటలో ఒకాయనకి చిటికెన వేలు సగమే ఉంది.

ఫిట్టర్_ఉక్కునగరం
అసలు అడిగినాయన అంకెల గురించి అడిగారు. వాటికి ఎవరూ జవాబు చెప్పలేదు. నేను చెప్తా, కాస్త పొడుగ్గా ఉంటుంది.

ముందు 5.2:1. హ్యాండిల్ ఒక్క చుట్టు తిప్పితే రోటర్ (స్పూలు చుట్టూ తిరిగి లైను చుట్టే భాగం) 5.2 చుట్లు తిరుగుతుందని అర్థం. దీన్ని ఒంటరిగా చూస్తే ఏమీ తెలీదు, స్పూలు వ్యాసంతో కలిపి చూడాలి. నిండుగా ఉన్న స్పూలు వ్యాసం 5 సెంటీమీటర్లు అనుకోండి. చుట్టుకొలత 15.7 సెం.మీ. 5.2తో గుణిస్తే హ్యాండిల్ చుట్టుకి దాదాపు 82 సెం.మీ. లైను వస్తుంది. అదే స్పూలుకి 6.2:1 అయితే 97 దాకా వస్తుంది. లూర్ గబగబా లాక్కోవాలంటే ఎక్కువ నిష్పత్తి బాగుంటుంది. బరువు సీసం వేసి, ఎర కట్టి, కెరటాల్లోంచి ఈడ్చుకురావాలంటే తక్కువదే మేలు, చెయ్యి నొప్పెట్టదు. సైకిలు గేర్లు గుర్తు తెచ్చుకోండి. కైలాసగిరి ఘాట్ రోడ్డు పెద్ద గేరులో ఎక్కరు కదా.

రెండోది 4000, 6000. ఇవి కొలతలు కావు, కంపెనీవాళ్ళు పెట్టుకున్న పేర్లు. ఒకరి 4000 ఇంకొకరి 3000కి సమానం కావచ్చు. స్పూలు మీద "0.35 మి.మీ., 200 మీటర్లు" అన్నట్టు రాసి ఉంటుంది. చూడాల్సింది అది. ఒడ్డు మీంచి మనలాంటివాళ్ళు విసిరేది అరవై, ఎనభై మీటర్లు. చేప ఇంకో అరవై లాక్కుపోయినా 200 మీటర్లు ఉంటే సరిపోతుంది.

మూడోది 13+1 బేరింగులు. ఇది పెద్ద మోసం. చౌక రీలులో పదమూడు బేరింగులు వేశారంటే తుప్పు పట్టే చోట్లు పదమూడు అని చదువుకోండి. నాలుగైదు మంచివి ఉంటే చాలు.

నాలుగోది, ఆయన అడగలేదు గానీ పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉంటుంది: "మాక్స్ డ్రాగ్ 15 కిలోలు". డ్రాగ్ అంటే చేప గట్టిగా లాగినప్పుడు లైను తెగకుండా స్పూలు జారనిచ్చే బ్రేకు. దాన్ని లైను బలంలో నాలుగో వంతుకీ మూడో వంతుకీ మధ్య పెట్టుకోవాలి. మీరు వేసేది 20 పౌండ్ల లైను, అంటే సుమారు 9 కిలోలు. డ్రాగ్ రెండుంపావు, మహా అయితే మూడు కిలోలు. ఆ పదిహేను కిలోలు దేనికి? డ్రాగ్ ఎంత గట్టిదని కాదు, ఎంత నున్నగా జారుతోందో చూడండి. షాపులో లైను చివర చేత్తో మెల్లగా లాగండి. కొంచెం పట్టి, ఒక్కసారిగా వదిలి, మళ్ళీ పట్టిందంటే ఆ రీలు అక్కడే పెట్టేసి రండి. ఇంటి దగ్గర స్ప్రింగు కాటా ఉంటే లైను చివర దానికి కట్టి లాగి చూస్తూ డ్రాగ్ బిగించుకోవచ్చు.

భీమిలి_బుల్లోడు
నేను ఒక్క లైనులో చెప్పింది ఈయన గేర్లేసి చెప్పారు.

ఫిట్టర్_ఉక్కునగరం
మీరు సైజు చెప్పారు, నేను కారణం చెప్పాను బాబూ. పైగా మీ 4000తో నేను ఏకీభవించడం లేదు. సాగర్‌నగర్ ఇసుకలో పదకొండు అడుగుల రాడ్డుకి 6000 ఉండాలి. స్పూలు పెద్దదైతే చుట్టలు పెద్దవిగా జారతాయి, రాపిడి తక్కువ, దూరం ఎక్కువ.

భీమిలి_బుల్లోడు
ఆయన ఊరి చెరువుకి కూడా ఆ 6000నే మోసుకెళ్ళాలా? అరగంటలో మణికట్టు వాచిపోతుంది. తొమ్మిదడుగుల రాడ్డు, 4000, సన్నటి అల్లిక లైను (బ్రెయిడ్). గోస్తని మొగలో పండుగప్పకి నేను ఎనిమిదేళ్ళుగా ఇదే వాడుతున్నా.

ఉప్పుగాలి
అల్లిక లైను అంటున్నారు గానీ అది కొత్తవాళ్ళకి వద్దు. గాలి ఉన్నప్పుడు వదులుగా చుట్టుకున్న బ్రెయిడ్ విసిరితే ఒకేసారి నాలుగు చుట్టలు లేచి ముడిపడతాయి. ఆ ముడి విప్పడం ఎవరి తరమూ కాదు, కోసెయ్యడమే. మామూలు మోనో (ఒంటిపోగు) నైలాన్ వేసుకోండి. రాయికి రాసుకున్నా కాస్త తట్టుకుంటుంది, ధర కూడా తక్కువ.

భీమిలి_బుల్లోడు
బ్రెయిడ్ సాగదు, అదే దాని గొప్ప. డెబ్బై మీటర్ల దూరంలో చేప ముట్టినా చేతికి తెలుస్తుంది. మోనో రబ్బరులా సాగుతుంది, ఆ ముట్టుడు సగం దారిలోనే ఆవిరైపోతుంది. చేప ఎర తినేసి, మూతి తుడుచుకుని వెళ్ళాక మీకు తెలుస్తుంది.

సునీత_సీతమ్మధార
ఇద్దరూ ఆగండి. కొత్తవాళ్ళు బ్రెయిడ్ వేస్తే మొదట స్పూలుకి పది మీటర్లు మోనో చుట్టి దాని మీద బ్రెయిడ్ కట్టాలి. లేకపోతే నున్నటి స్పూలు మీద బ్రెయిడ్ మొత్తం చుట్టే జారిపోతుంది. నాకు అలాగే అయితే డ్రాగ్ పాడైందనుకుని రీలంతా విప్పేశాను. రీలుకి ఏమీ కాలేదు, లైనే గిర్రున తిరుగుతోంది. ఇంకోటి, స్పూలు అంచు దాకా నింపకండి. రెండు, మూడు మిల్లీమీటర్లు ఖాళీ ఉంచండి. ఎక్కువ నింపితే ఉప్పుగాలి గారు చెప్పిన ముడులన్నీ పడతాయి, తక్కువ నింపితే దూరం పోదు.

ఉప్పుగాలి
బెయిల్ ఆర్మ్ (స్పిన్నింగ్ రీలు మీద లైనుని పట్టి చుట్టే తీగ కమ్మీ) కూడా చేత్తో మూయమని చెప్పండి. అందరూ విసరగానే హ్యాండిల్ తిప్పి టపీమని మూస్తారు. చేత్తో మూసి, లైను ఒకసారి బిగువుగా లాగి, అప్పుడు చుట్టాలి. వదులు లైను కిందికి పోకుండా ఉంటే సగం చిక్కులు ఉండవు. అలాగే చేప లాక్కుపోతూ డ్రాగ్ గీ...మని అరుస్తుంటే హ్యాండిల్ తిప్పకండి. లైను లోపలికి రాదు సరికదా, చుట్టు చుట్టుకీ మెలి పడుతుంది.

యారాడ_రాళ్ళు
రీలు ఏదైనా కొనుక్కోండి, తెన్నేటి పార్కు కింద రాళ్ళ మీదికి మాత్రం మొదటి ఏడాది వెళ్ళకండి. 2020లో బంగ్లాదేశ్ ఓడ ఒడ్డుకి కొట్టుకొచ్చిందే, అక్కడే. ఓడనే మోసుకొచ్చిన కెరటాలకి మనమెంత. నాచు పట్టిన రాయి మీద చెప్పు జారితే రీలు ఏ రకమైనా ఒకటే. యారాడలోనూ అంతే. నేను తాడు కట్టుకుని, ఇద్దరం ఉంటేనే దిగుతాను.

పాతరీలు
ఆలస్యంగా చూశాను. ఆ మావయ్య గారి అంబాసిడర్ సంగతి ఎవరూ పట్టించుకోలేదేమిటి? కొత్తగాలం తమ్ముడూ, రాడ్డుకి బిగించే కాలు (ఫుట్) అడుగున అంకె ఏముంది? పక్క మూత మీద స్వీడన్ అని ఉందా?

మధురవాడ_కొత్తగాలం
అడుగున ఏవో అంకెలున్నాయి, అరిగిపోయాయి. మూత ఎర్రగా ఉంది. ఆబు, స్వీడన్ అని కనబడుతోంది. తిప్పితే కిర్రుమంటోంది.

పాతరీలు
అమ్మేయకండి! అటక మీద కూడా పెట్టకండి!

ఆ ఆబు కంపెనీ 1921లో స్వీడన్‌లో స్వాంగ్‌స్టా అనే చిన్న ఊళ్ళో మొదలైంది. మొదట గడియారాలు, టాక్సీ మీటర్లు చేసేవాళ్ళు. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలు కరువై టాక్సీలు ఆగిపోతే మీటర్లు కొనేవాళ్ళు లేక రీళ్ళ వైపు వచ్చారు. అంబాసిడర్ రీలు 1950లలో వచ్చింది. గడియారాలు చేసిన చేతులు కాబట్టి ఆ పళ్ళచక్రాలు చూస్తే ముద్దొస్తాయి. అది కూడా బైట్‌కాస్టరే, షాపు కుర్రాడు చూపించిన దానికి తాత అన్నమాట. లోపల చిన్న పుల్లల మీద బ్రేకు దిమ్మలుంటాయి. స్పూలు వేగంగా తిరిగినప్పుడు అవి బయటికి జరిగి చక్రం అంచుకి రాసుకుని వేగం తగ్గిస్తాయి. మాగ్నెట్టు లేదు, కంప్యూటరు లేదు.

నా దగ్గర ఇలాంటివి మూడున్నాయి. 2014లో హుద్‌హుద్‌కి మా షెడ్డు రేకులు ఎగిరిపోతే పెట్టె మొత్తం మూడు రోజులు నీళ్ళలో నానింది. వాన నీళ్ళు కాబట్టి బతికాయి, ఉప్పునీళ్ళయితే అంతే సంగతులు. విప్పి, ఆరబెట్టి, గ్రీజు పెట్టాను. ఇప్పటికీ తిరుగుతున్నాయి.

చేపలపులుసు
టాక్సీ మీటరు వాళ్ళు చేశారంటే చేప ఎంత దూరం లాగితే అంత బిల్లు వస్తుందేమో.

కొరమీను_కింగ్
మన ఊళ్ళో అయితే మీటరు మీద పది ఎక్కువ అడుగుతుంది.

బెండు_బాబాయ్
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. మా మనవరాలికి తొమ్మిదేళ్ళు, మేఘాద్రిగెడ్డ వైపు తీసుకెళితే నాకూ గాలం కావాలని ఏడుస్తోంది. మీరు చెప్పేవన్నీ దాని చేతికి పెద్దవి. బటన్ నొక్కి విసిరే రకం ఉంటుందట, పనికొస్తుందా?

పాతరీలు
బాబాయ్ గారూ, అది స్పిన్‌కాస్ట్. లైను మూత లోపల ఉంటుంది, బటన్ నొక్కి పట్టుకుని విసిరేటప్పుడు వదిలెయ్యడమే. పిల్లలకి అంతకంటే మంచిది లేదు. దూరం పోదు, పెద్ద చేపని ఆపలేదు, ఉప్పునీటికి పనికిరాదు. చెరువులో చిన్న చేపలకి చాలు. దానికో కథ ఉంది. అమెరికాలో టల్సా అనే ఊళ్ళో నూనె బావుల్లో పేల్చే టైం బాంబులు చేసే జీరో అవర్ బాంబ్ కంపెనీ ఉండేది. 1949లో ఈ రకం రీలు చేసి అమ్మింది వాళ్ళే. ఆ రీళ్ళ బ్రాండు జెబ్కో, ఆ పేరు ఆ బాంబు కంపెనీ పేరులోంచే వచ్చింది.

బెండు_బాబాయ్
బాంబు సంగతి మనవరాలికి చెప్పను, ఇంకా గోల చేస్తుంది. కొంటాను. సంతోషం.

ఫిట్టర్_ఉక్కునగరం
పిల్లల రీలనే కాదు, ఏదైనా సరే, ఉప్పు విషయం మాట్లాడుకోకుండా ఈ చర్చ ముగియకూడదు. తుప్పుతో ముప్పయ్యేళ్ళ కాపురం నాది.

అల్యూమినియం ఒంటికి స్టీలు స్క్రూ బిగించి ఉప్పునీళ్ళు పోస్తే చిన్నపాటి బ్యాటరీ తయారైనట్టే. అల్యూమినియం తినేయబడుతుంది. స్క్రూ చుట్టూ తెల్లటి పొడి కనబడితే అదే. గ్రాఫైట్ ఒళ్ళుకి ఆ బాధ లేదు గానీ బరువు పడితే కాస్త వంగుతుంది, లోపల గేర్లు పక్కకి జరుగుతాయి. ఎనిమిది వేల బడ్జెట్‌లో నేనైతే మంచి గ్రాఫైట్ ఒళ్ళు, లోపల మెటల్ గేరు ఉన్నది తీసుకుంటా.

ఇంటికి రాగానే డ్రాగ్ పూర్తిగా బిగించండి, వాషర్లలోకి నీళ్ళు పోకుండా. మంచినీళ్ళతో సన్నగా, పైపై నుంచి కడగండి. కుళాయి ఫుల్లుగా తిప్పి కొట్టకండి, ఉప్పుని మీరే లోపలికి తోసినట్టవుతుంది. బకెట్లో ముంచకండి. తుడిచి, నీడలో ఆరాక డ్రాగ్ వదులు చేసి పెట్టండి. బిగించి వదిలేస్తే వాషర్లు అతుక్కుపోతాయి.

ఉప్పుగాలి
ఫిట్టర్ గారు చెప్పినవన్నీ చెయ్యనివాడిని నేనే. రెండేళ్ళ క్రితం ఏడు వేలు పెట్టి ఒక రీలు కొన్నాను (కంపెనీ పేరు వద్దు, తప్పు నాది కూడా). అప్పికొండలో ఇసుక మీద పడేశాను, కడగలేదు. నెలకే గరగరమంది. ఇంట్లో ఏముందా అని చూస్తే కొబ్బరి నూనె కనబడింది. నాలుగు చుక్కలు వేశా, వెన్నలా తిరిగింది. భలే చిట్కా కనిపెట్టాననుకున్నా. డిసెంబరు వచ్చింది. తెల్లారి ఐదింటికి ఒడ్డున నిలబడి హ్యాండిల్ తిప్పితే తిరగదు. కొబ్బరి నూనె గడ్డకట్టేసింది! చంకలో పెట్టుకుని వెచ్చబెట్టి తిప్పాల్సి వచ్చింది.

సునీత_సీతమ్మధార
చంకలో రీలు పెట్టుకుని ఊరంతా వెతికారన్నమాట.

ఫిట్టర్_ఉక్కునగరం
తలకి రాసుకునేది తలకే రాసుకోవాలి. బేరింగుకి కుట్టు మిషను నూనె ఒక్క చుక్క, గేరుకి గ్రీజు. లైన్ రోలర్ మాత్రం ప్రతి నెలా చూడండి, ఉప్పు మొదట పట్టేసేది దాన్నే. రోలర్ తిరగడం ఆగిందంటే లైను దాని మీద రాసుకుని కోసుకుపోతుంది.

జాలారిపేట_కుర్రోడు
ఇదంతా ఇంటే మా తాత డబ్బాయే నయం అనిపిస్తంది. దానికి ఏ గ్రీజూ లేదు. కానీ నిజం చెప్పాలంటే మా అన్న ఫైబర్ బోటు మీద వంజరానికి ఎల్లేటప్పుడు ఒక పెద్ద రీలు వాడతాడు, రాడ్డు మీద పైకి కూర్చుంటాదే, ఆ రకం. పడవ ఎనక లూర్ ఈడ్చుకుంటా పోవడానికి. వంజరం ఒక్క లాగుడికి నూరు మీటర్లు పట్టుకుపోద్ది. చేత్తో అయితే అరచెయ్యి కాలిపోద్ది.

భీమిలి_బుల్లోడు
అది ట్రోలింగ్ రీలు. స్పూలు పెద్దది, లీవరు తోసి డ్రాగ్ పెట్టుకునే రకాలు కూడా ఉంటాయి. ఒడ్డు మీంచి విసరడానికి పనికిరాదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా నిషేధం కదా, మీ అన్న ఆ రెండు నెలలు ఏం చేస్తాడు?

జాలారిపేట_కుర్రోడు
వలలు కుట్టుకుంటాడు, బోటుకి రంగేస్తాడు, ఒదినతో తిట్లు తింటాడు.

మధురవాడ_కొత్తగాలం
అందరి మాటలూ కాగితం మీద రాసుకుని వెళ్ళాను. షాపు కుర్రాడు మళ్ళీ బైట్‌కాస్టరే తీశాడు. నేను లైను చివర పట్టుకుని డ్రాగ్ లాగి చూస్తుంటే "సార్ మీకు తెలుసా ఇవన్నీ" అని మొహం మారింది. చివరికి గ్రాఫైట్ ఒళ్ళు 4000 స్పిన్నింగ్, 5.2:1, నాలుగు బేరింగులు. తొమ్మిదడుగుల రాడ్డు. ఉప్పుగాలి గారి మాట విని మోనో వేయించాను. మొత్తం 7,400. ఫిట్టర్ గారూ, 6000 కొననందుకు క్షమించండి, మణికట్టు కావాలి.

హ్యాండిల్ ఎడమవైపు పెట్టుకోవాలా, కుడివైపా? విప్పి ఎటైనా బిగించుకోవచ్చన్నాడు.

భీమిలి_బుల్లోడు
కుడిచేత్తో విసిరేవాడివైతే ఎడమవైపు పెట్టుకో. విసిరాక రాడ్డు చెయ్యి మార్చుకోనక్కర్లేదు. స్పిన్నింగ్‌లో ఉన్న సుఖం ఇదొకటి. బైట్‌కాస్టర్ అయితే కొనేటప్పుడే ఎడమా కుడా తేల్చుకోవాలి, తర్వాత మారదు.

మధురవాడ_కొత్తగాలం
మూడు వారాల తర్వాత వస్తున్నాను. నాలుగు ఆదివారాల్లో రెండు జెల్లలు, అరచేతంత పార ఒకటి. ఆ పారని వదిలేశా. బెయిల్ చేత్తోనే మూస్తున్నా. ఇప్పటిదాకా ఒక్క ముడి పడలేదు. కడగడం బాత్రూములో, ఇంట్లో అందరూ పడుకున్నాక.

అసలు సంగతి వేరే ఉంది. పాతరీలు గారు చెప్పారని మావయ్య ఆ ఎర్ర అంబాసిడర్‌ని విప్పి, కిరోసిన్‌తో తుడిచి, కొత్త గ్రీజు పెట్టి, నిన్న నాతో పాటు జోడుగుళ్ళపాలెం వచ్చారు. వయసు డెబ్బై ఒకటి. లుంగీ ఎగ్గట్టి, నా తొమ్మిదడుగుల రాడ్డుకే దాన్ని బిగించారు. ఎదురుగాలి బాగా ఉంది. సునీత గారి సవరం కథ గుర్తొచ్చి చిక్కు తీయడానికి సూది కూడా జేబులో పెట్టుకున్నా. ఆయన బొటనవేలు స్పూలు మీద ఆనించి మెల్లగా ఊపి వదిలారు. సీసం నాది పడిన చోటు దాటి ఇంకో పాతిక అడుగులు పోయి పడింది. లైను ఒక్క పోగు లేవలేదు. పక్కన గాలాలేసుకున్నవాళ్ళందరూ తిరిగి చూశారు. ఆయన మాత్రం ఏమీ జరగనట్టు "టీ ఉందా ఫ్లాస్కులో" అన్నారు.

కొరమీను_కింగ్
నేను మొదట్నుంచీ చెప్తున్నది ఇదే కదండీ!

సునీత_సీతమ్మధార
ఆయనకి నలభై ఏళ్ళు పట్టి ఉంటుంది కింగ్ గారూ. మావయ్య గారిని ఇక్కడ చేర్చండి తమ్ముడూ.

మధురవాడ_కొత్తగాలం
ఫోను చూడరు. ఒక ప్రశ్న మాత్రం అడగమన్నారు: డ్రాగ్ జారుతూ జారుతూ పట్టేస్తోంది, లోపల వాషర్లు తోలువి, ఎండి గట్టిపడిపోయాయి. కొత్తవి ఎక్కడ దొరుకుతాయి?

పాతరీలు
తోలువి పారెయ్యకండి, కొలతకి కావాలి. బయటి వ్యాసం, లోపలి రంధ్రం, మందం మూడూ మిల్లీమీటర్లలో రాసి పెట్టండి. నా దగ్గర కార్బన్ వాషర్ల సెట్లు రెండున్నాయి, సరిపోతే ఒకటి ఇస్తా. డబ్బులొద్దు. ఆ బొటనవేలు ఎలా పెడుతున్నారో పక్కన నిలబడి ఒకసారి చూడనిస్తే చాలు.

చేపలపులుసు
ఆదివారం ఎన్నింటికి? ఫ్లాస్కు నేను తెస్తా.